చీముగడ్డకు ఏ మందు? ఎంఆర్ఎస్ఏ చికిత్సలో ముందువెనకలు

తొడ మీదో, చంకలోనో, మెడ వెనకో లేచిన సెగ్గడ్డ నాలుగు రోజులైనా తగ్గకపోతే మనవాళ్లు మొదట అనే మాట ‘వేడి చేసింది’ అని. మామిడిపళ్లు మానెయ్యడం, మజ్జిగ ఎక్కువ తాగడం లాంటి సలహాలన్నీ అయ్యాక మందుల షాపు నుంచి ఏదో ఒక యాంటీబయాటిక్ వస్తుంది. దానికీ తగ్గకపోతే ‘ఇంకాస్త పవరున్నది’ వస్తుంది. ఇటువంటి గడ్డలకు చాలా సందర్భాల్లో కారణం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. వైద్యులు పొట్టిగా ‘స్టాఫ్’ అంటారు. అందులో పెన్సిలిన్ కుటుంబపు మందులకు దాదాపుగా లొంగని రకం ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్. ఈ రకం సోకినప్పుడు మందును పవరును బట్టి ఎంచుకోవాలనుకోవడం దగ్గరే చికిత్స దారి తప్పుతుంది. లోపల చీము ఉందా, ఉంటే దాన్ని బయటికి తీశారా, తీసిన చీమును పరీక్షకు పంపారా అన్నవి తేలాకే మందు పేరు ఆలోచించవలసిన వరస వస్తుంది. ఆ వరసను తలకిందులు చేసినందువల్ల రోగికి జరిగే నష్టం కొంత, చివరి అవసరానికి దాచుకోవలసిన మందులు అరిగిపోవడం వల్ల అందరికీ జరిగే నష్టం మరికొంత.

లొంగకపోవడం ఎలా జరుగుతుంది?

స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో శస్త్రవైద్యుడిగా పనిచేసిన అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880 ప్రాంతంలో గడ్డల నుంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, గుత్తులు గుత్తులుగా కనిపించిన ఈ జీవులే చీముకు కారణమని గుర్తించాడు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు పట్టిన పళ్లెంలో గమనించింది కూడా ఈ స్టాఫ్ నశించడాన్నే. పెన్సిలిన్ 1940లలో వాడకంలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే, దాన్ని విరిచేసే ఎంజైమును తయారుచేసుకోగల స్టాఫ్ ఆసుపత్రుల్లో పెరిగిపోయింది. ఆ ఎంజైముకు చిక్కని మెథిసిలిన్‌ను 1960 ప్రాంతంలో బ్రిటన్‌లో వాడడం మొదలుపెట్టారు. 1961లోనే లండన్‌లోని కాలిన్‌డేల్ ప్రయోగశాలకు చెందిన ప్యాట్రీషియా జెవన్స్ దానికి కూడా లొంగని స్టాఫ్‌ను గుర్తించి ప్రకటించారు. మెథిసిలిన్‌తో ఇప్పుడు ఎవరూ వైద్యం చేయడం లేదు. బాక్టీరియా పేరులో మాత్రం అది మిగిలిపోయింది.

ఈ రెండు రకాల ఎదురుతిరుగుబాట్ల మధ్య తేడా తెలిస్తే మందుల చీటీలో సగం అర్థమైనట్లే. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు, కార్బపెనెములు అన్నీ బీటా-లాక్టమ్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. బాక్టీరియా తన కణకవచాన్ని కట్టుకోవడానికి వాడే ప్రొటీన్లకు అతుక్కుని ఆ పనిని ఆపేయడం వీటన్నిటి పద్ధతి. గోడ కడుతున్న మేస్త్రీ చేతులను తాడుతో కట్టేయడం లాంటిది ఈ పని. పెన్సిలిన్‌ను విరిచే పెన్సిలినేజ్ ఎంజైము ఉన్న స్టాఫ్ ఆ తాడును కోసేస్తుంది, కాబట్టి కోతకు తెగని తాడు, అంటే క్లాక్సాసిలిన్ వంటిది, దానిపై పనిచేస్తుంది. అమాక్సిసిలిన్‌కు క్లావులానిక్ ఆమ్లం కలిపి ఇచ్చేది కూడా ఆ కోసే కత్తిని మొద్దుబార్చడానికే. ఎంఆర్ఎస్ఏ చేసేది వేరు. మెక్-ఎ అనే జన్యువు సాయంతో అది పీబీపీ-2ఎ అనే మరో మేస్త్రీని తెచ్చి పెట్టుకుంటుంది. ఆ తాడు ఈ కొత్త మేస్త్రీ చేతులకు ముడిపడదు. అందువల్ల తాడు ఎంత గట్టిదైనా ఫలితం ఉండదు. అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, చివరికి ఐసీయూల్లో వాడే మెరోపెనెమ్ కూడా ఎంఆర్ఎస్ఏ ముందు ఒక్కటే. రోజుకు వేల రూపాయల మెరోపెనెమ్ పనిచేయని చోట కొద్ది రూపాయల కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మాత్ర పనిచేయవచ్చునన్న సంగతి ‘పవర్’ లెక్కలో ఎక్కడా ఇమడదు. బీటా-లాక్టమ్ కుటుంబంలో పీబీపీ-2ఎకు కూడా అతుక్కునేలా రూపొందించిన సెఫ్టరోలిన్, సెఫ్టోబిప్రోల్ వంటి ఒకటి రెండు మందులు మాత్రమే దీనికి మినహాయింపు.

మెథిసిలిన్‌కు లొంగనితనం మనిషి వాడిన మందుల వల్లనే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 2022లో వెలువడిన ఒక పరిశోధన మాత్రం యూరప్ ముళ్లపందుల మీద బతికే స్టాఫ్‌లో ఇటువంటి లొంగనితనం యాంటీబయాటిక్‌ల కాలానికి చాలా ముందే ఉందని చూపింది. ఆ జంతువుల చర్మం మీదుండే ఒక ఫంగస్ పెన్సిలిన్ వంటి పదార్థాన్ని తయారుచేస్తుండడం అందుకు కారణమని పరిశోధకుల నిర్ధారణ. అంటే మనం దాన్ని సృష్టించలేదు గాని, మందులు విచ్చలవిడిగా వాడి దాన్ని అందలం ఎక్కించాం.

1990ల దాకా ఎంఆర్ఎస్ఏ అంటే ఆసుపత్రుల్లో, ఎక్కువగా శస్త్రచికిత్స అయినవాళ్లకు, డయాలసిస్ రోగులకు సోకేదన్న అభిప్రాయం ఉండేది. 1999లో అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో ఆసుపత్రి గడప తొక్కని నలుగురు పిల్లలు దానివల్ల చనిపోయినట్లు ప్రకటించాక ఆ అభిప్రాయం చెదిరింది. బయటి సమాజంలో తిరిగే ఈ రకాల్లో చాలావాటికి పాంటన్-వాలంటైన్ ల్యూకోసిడిన్ అనే విషపదార్థం ఉంటుంది; అది తెల్లరక్తకణాలను చంపి, చర్మం మీద చీముతో నిండిన నొప్పి గడ్డలు లేపుతుంది. భారతదేశంలో విస్తరించిన ‘బెంగాల్ బే క్లోన్’ అనే రకానికి ఈ విషమూ ఉంది, అనేక కుటుంబాల మందులకు లొంగని గుణమూ ఉంది. భారత వైద్య పరిశోధన మండలి నిఘాలో ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో సేకరించిన స్టాఫ్ నమూనాల్లో ఎంఆర్ఎస్ఏ వాటా ఇటీవలి సంవత్సరాల్లో నూటికి 40 దాటింది. ఈ అంకె పెద్ద ఆసుపత్రులకు చేరిన రోగులది కాబట్టి, ఊళ్లో ప్రతి సెగ్గడ్డకూ దాన్నే అన్వయించడం సరికాదు. ప్రపంచం మొత్తం మీద 2019లో లక్షకు పైగా మరణాలు నేరుగా ఎంఆర్ఎస్ఏ లొంగనితనం వల్ల సంభవించాయని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది.

మొదటి మందు కత్తి

చీము పట్టిన గడ్డకు అసలు చికిత్స దాన్ని కోసి చీము తీసేయడం. ఇది పాతకాలపు మోటు పద్ధతి అనిపించవచ్చు గాని, దీని వెనక గట్టి కారణాలున్నాయి. గడ్డ లోపలి భాగానికి రక్తప్రసరణ ఉండదు కాబట్టి రక్తంలో తిరిగే మందు అక్కడికి చాలినంతగా చేరదు. చేరినా అక్కడి ఆమ్లత, చచ్చిన కణాల చెత్త దాని పనిని మందగింపజేస్తాయి. బాక్టీరియా కూడా ఆ దశలో నెమ్మదిగా విభజన చెందుతూ ఉంటుంది. పెరిగే బాక్టీరియా మీదనే ఎక్కువగా పనిచేసే మందులకు అప్పుడది దొరకదు. కోట్రైమాక్సజోల్ విషయంలో మరో విచిత్రం ఉంది. ఆ మందు బాక్టీరియాకు డీఎన్ఏ తయారీలో అవసరమైన థైమిడిన్‌ను అందకుండా చేస్తుంది. చీములో చచ్చిపడిన మన కణాల నుంచే ఆ థైమిడిన్ దండిగా దొరుకుతుంటే బాక్టీరియాకు మందు దెబ్బ తగలదు. చీము తీయకుండా మాత్రలు మింగించి ‘మందు పనిచేయలేదు’ అనడం ఆ మందు మీద మోపే అన్యాయపు నింద.

అయితే కోశాక యాంటీబయాటిక్ అవసరమా అన్న ప్రశ్న మీద వైద్యుల్లో చాలాకాలం వాదన నడిచింది. చిన్న గడ్డలకు కోత ఒక్కటే చాలుననేది ఎక్కువమంది మాట. 2016, 2017 సంవత్సరాల్లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన రెండు అమెరికన్ అధ్యయనాలు ఆ వాదనను కొంతవరకు తేల్చాయి. మొదటిదాంట్లో గడ్డ కోశాక కోట్రైమాక్సజోల్ ఇచ్చినవాళ్లలో సుమారు 80 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో సుమారు 74 శాతం మందికి నయమైంది. రెండోది 5 సెంటీమీటర్లకు మించని గడ్డల మీద జరిగింది. అందులో క్లిండమైసిన్ తీసుకున్నవాళ్లలో 83 శాతం, కోట్రైమాక్సజోల్ తీసుకున్నవాళ్లలో 82 శాతం కోలుకోగా, ఉత్తుత్తి మాత్రతో 69 శాతం మంది కోలుకున్నారు. మందు వల్ల లాభం స్టాఫ్ సోకినవాళ్లలోనే కనిపించింది.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. మందు వల్ల మేలుందన్నది నిజం. కాని కేవలం కోతతోనే ప్రతి పదిమందిలో ఏడుగురు కోలుకున్నారన్నది కూడా అంతే నిజం, నా ఉద్దేశంలో ఎక్కువగా గుర్తుంచుకోవలసింది ఇదే. ఆరోగ్యవంతుడైన యువకుడి చేతి మీద చిన్న గడ్డ, చుట్టూ ఎరుపు లేదు, జ్వరం లేదు అంటే, కోత చాలునా, మాత్రలు కూడా ఇవ్వాలా అని వైద్యుడు రోగితో కలిసి ఆలోచించుకునే వీలుంది. అదే గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి చుట్టూ ఎరుపు పాకినా, జ్వరం ఉన్నా, రోగికి మధుమేహం అదుపులో లేకపోయినా, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నా, గడ్డ ముఖం మీదో జననాంగాల దగ్గరో ఉన్నా యాంటీబయాటిక్ తప్పదు. ఇంట్లో పిన్నీసుతో పొడుచుకోవడం, గట్టిగా పిండడం మాత్రం కోత కిందికి రావు. అవి చీమును లోపలికి నెట్టి హాని చేస్తాయి. ముక్కుకీ పెదవికీ చుట్టుపక్కల ఉన్న గడ్డలను పిండితే ఆ ఇన్ఫెక్షన్ సిరల ద్వారా మెదడు వైపు పాకే ప్రమాదం ఉంది.

చీము లేకుండా చర్మం ఎర్రబడి, వాచి, వేడెక్కి పాకుతూ పోయే సెల్యులైటిస్‌ది వేరే లెక్క. దానికి ఎక్కువగా కారణం స్ట్రెప్టోకాకస్ అనే మరో బాక్టీరియా. అది నేటికీ పెన్సిలిన్‌కు లొంగుతుంది. సెల్యులైటిస్‌కు సెఫలెక్సిన్ ఒక్కటే ఇవ్వడానికీ, దానికి ఎంఆర్ఎస్ఏ కోసం కోట్రైమాక్సజోల్ జోడించడానికీ ఫలితంలో స్పష్టమైన తేడా లేదని అమెరికాలో 2013లో, 2017లో వచ్చిన రెండు అధ్యయనాలు చూపాయి. కాబట్టి కాలు ఎర్రబడిన ప్రతి రోగికీ ఎంఆర్ఎస్ఏ మందు రాయడం అనవసరం. చీము కనిపిస్తే స్టాఫ్‌ను, చీము లేకుండా ఎరుపు పాకితే స్ట్రెప్టోకాకస్‌ను ముందుగా అనుమానించడం వైద్యులు పాటించే మోటు లెక్క. మినహాయింపులుంటాయి గాని చాలాసార్లు అది సరిపోతుంది.

ల్యాబ్ రిపోర్టును చదవడం

తీసిన చీమును కల్చర్ పరీక్షకు పంపితే రెండు మూడు రోజుల్లో ఏ బాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అన్నది తెలుస్తుంది. పుండు పైన దూదితో అద్ది పంపితే చర్మం మీద మామూలుగా బతికే బాక్టీరియా కూడా వచ్చి గందరగోళం చేస్తుంది. గడ్డ లోపలి చీమును నేరుగా తీసి పంపడం మేలు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే పంపడం ఇంకా మేలు.

రిపోర్టులో మెథిసిలిన్ అన్న పేరు కనిపించకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. ల్యాబులు దానికి బదులు సెఫాక్సిటిన్ అనే మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లను బాక్టీరియా పెంచే పళ్లెంలో పెట్టి, దాని చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ ఏర్పడిందా అని చూస్తాయి. మెక్-ఎ జన్యువు ఉన్నదీ లేనిదీ అది నమ్మకంగా బయటపెడుతుంది. సెఫాక్సిటిన్‌కు లొంగలేదని రాస్తే అది ఎంఆర్ఎస్ఏ అని అర్థం. అప్పుడు అదే కాగితం మీద ఏ పాత సెఫలోస్పోరిన్ ఎదురుగా ‘లొంగుతుంది’ అని ఉన్నా దాన్ని నమ్మకూడదు.

క్లిండమైసిన్ విషయంలో మరో మెలిక ఉంది. కొన్ని స్టాఫ్ రకాలు మామూలు పరీక్షలో క్లిండమైసిన్‌కు లొంగినట్లే కనిపించి, చికిత్స మధ్యలో ఎదురుతిరుగుతాయి. ఆ దాగిన లొంగనితనాన్ని పట్టడానికి ఎరిత్రోమైసిన్ బిళ్లను క్లిండమైసిన్ బిళ్ల పక్కన పెట్టి పరీక్షిస్తారు. ఎరిత్రోమైసిన్ ప్రభావంతో బాక్టీరియాలోని జన్యువు మేలుకుని, క్లిండమైసిన్ చుట్టూ ఏర్పడవలసిన గుండ్రని ఖాళీ ఒకవైపు చదునై ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా మారుతుంది. దీన్నే డి-టెస్ట్ అంటారు. అది పాజిటివ్ వస్తే క్లిండమైసిన్‌ను పక్కన పెట్టడమే క్షేమం. ఆసుపత్రుల్లో సెలైన్ ద్వారా ఇచ్చే వాంకోమైసిన్‌కు స్టాఫ్ లొంగుతుందో లేదో బిళ్ల పరీక్షతో తేలదు. ఎంత గాఢతలో బాక్టీరియా పెరుగుదల ఆగిందో కొలిచే ఎంఐసీ పరీక్ష దానికి కావాలి. ఈ ఎంఐసీ అంకెలను చూసి ‘దీనికి 0.5 ఉంది, దానికి 1 ఉంది, కాబట్టి మొదటిదే మంచి మందు’ అని లెక్కవేసేవాళ్లున్నారు. ఒక్కో మందుకు హద్దు వేరు. ఒకదాని అంకెను మరొకదాని అంకెతో పోల్చడానికి వీల్లేదు.

నోటి మాత్రలు, సెలైన్ మందులు

ఎంఆర్ఎస్ఏ చర్మ ఇన్ఫెక్షన్‌కు నోటి ద్వారా ఇచ్చే మందుల్లో కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ ముఖ్యమైనవి. మూడూ పాతవే, ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలుగా విడదీసిన పట్టికలో మొదట వాడదగిన వర్గంలో ఉన్నవే.

కోట్రైమాక్సజోల్ చవక, నమ్మదగినది. అయితే సల్ఫా మందులు పడనివాళ్లకు ఇవ్వకూడదు. ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపాలి. రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి బీపీ మాత్రలు వేసుకునే పెద్దవయసువారిలో ఇది రక్తంలో పొటాషియంను ప్రమాదకరంగా పెంచగలదు. ఇటువంటి బీపీ మందులు మన ఇళ్లలో ఎంత మామూలో తెలిసిందే కాబట్టి, వైద్యుడు అడగకపోయినా రోగి చెప్పవలసిన సంగతి ఇది.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వెలువడిందనీ, దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్ అయినా ఆ పరిశోధన విభాగానికి అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అనీ ఇక్కడ గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదనుకుంటాను. డాక్సీసైక్లిన్ మాత్రను గ్లాసెడు నీళ్లతో మింగి కనీసం అరగంటసేపు పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. పాలు, ఐరన్ మాత్రలు దాన్ని ఒంట పట్టనివ్వవు. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకు ఇవ్వరు, చిన్నపిల్లలకు కూడా సాధారణంగా వేరే మందునే ఎంచుతారు. క్లిండమైసిన్ స్టాఫ్ విషపదార్థాల తయారీని కూడా అణచగలదు, కాని విరేచనాలు దాని ప్రధాన దోషం. ఆ విరేచనాలు కొన్నిసార్లు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే పేగు బాక్టీరియా వల్ల తీవ్రమైన పేగువాపుగా మారతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ఇళ్లలో అందరికీ పరిచయమైన పేరే అయినా, భారతదేశంలో ఎంఆర్ఎస్ఏలో అత్యధిక భాగం దానికి లొంగదు.

ఇక లినెజోలిడ్. 2000లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ మందుకు ఎంఆర్ఎస్ఏ దాదాపు ఎప్పుడూ లొంగుతుంది, మాత్ర మింగినా సూది వేసినా రక్తంలో దాదాపు ఒకే స్థాయికి చేరుతుంది. అందుకే దాన్ని మొదటి మందుగా రాసేయాలన్న ఆకర్షణ సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వేరే దారి లేనప్పుడు వాడవలసిన చివరి వర్గంలో పెట్టింది. మందులకు లొంగని క్షయకు ఇచ్చే చికిత్సలో అది మూలస్తంభం. క్షయ ఇంతగా ఉన్న దేశంలో సెగ్గడ్డకు దాన్ని ఖర్చుపెట్టడం నాకు ఏ లెక్కలోనూ సబబుగా తోచదు. రెండు వారాలు మించి వాడితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, ఇంకా ఎక్కువ కాలం వాడితే నరాలు, కంటిచూపు దెబ్బతినవచ్చు. మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలతో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం పెరిగిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

జ్వరం ఎక్కువగా ఉండి, ఎరుపు గంటగంటకూ పాకుతుంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ద్వారా మందు ఇవ్వాలి. పైకి కనిపించే ఎరుపుకు మించి నొప్పి ఉండడం, చర్మం ఊదారంగుకు తిరగడం, నీటి బొబ్బలు రావడం, మతి తప్పడం అన్నవి లోపలి కణజాలం కుళ్లుతోందనడానికి గుర్తులు. అప్పుడు గంటల్లో ఆపరేషన్ జరగాలి, మందు ఒక్కటే కాపాడలేదు.

ఆసుపత్రి మందుల్లో పాతకాపు వాంకోమైసిన్. బోర్నియో అడవి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఎలై లిల్లీ కంపెనీ దీన్ని తీసింది. 1958లో ఆమోదం వచ్చింది. తొలినాటి మందులో మలినాలు ఎక్కువగా ఉండి ‘మిసిసిపీ బురద’ అన్న ఎగతాళి పేరు కూడా సంపాదించుకుంది. దీన్ని నోటి ద్వారా ఇస్తే పేగులోనే ఉండిపోతుంది, రక్తంలోకి ఎక్కదు. కాబట్టి చర్మ ఇన్ఫెక్షన్‌కు వాంకోమైసిన్ మాత్ర నిరుపయోగం. తొందరగా ఎక్కిస్తే ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది. అది చాలావరకు అలర్జీ కాదు, వేగం తగ్గించి గంటకు పైగా ఎక్కిస్తే సర్దుకుంటుంది. మూత్రపిండాలను గమనిస్తూ, అవసరమైతే రక్తంలో మందు స్థాయిని కొలుస్తూ ఇవ్వాలి. వాంకోమైసిన్‌కు పూర్తిగా లొంగని స్టాఫ్ 2002లో అమెరికాలోని మిషిగన్‌లో బయటపడినా, అదృష్టవశాత్తు నేటికీ అది చాలా అరుదు. మెథిసిలిన్‌కు లొంగే స్టాఫ్ విషయంలో మాత్రం క్లాక్సాసిలిన్, సెఫజోలిన్ కంటే వాంకోమైసిన్ బలహీనమైనది. పవర్ నిచ్చెన ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది: కల్చర్‌లో మామూలు స్టాఫ్ అని తేలితే ‘పెద్ద’ మందును ఆపి ‘చిన్న’ మందుకు రావడమే మెరుగైన వైద్యం.

టైకోప్లానిన్, డాప్టోమైసిన్ వాంకోమైసిన్‌కు ప్రత్యామ్నాయాలు. డాప్టోమైసిన్‌ను ఊపిరితిత్తుల లోపలి గోడలకు పూతలా ఉండే సర్ఫాక్టెంట్ పనిచేయనివ్వదు కాబట్టి న్యుమోనియాకు పనికిరాదు, చర్మానికి బాగా పనికొస్తుంది. భారతదేశపు వోఖార్డ్ కంపెనీ రూపొందించిన లెవోనాడిఫ్లాక్సాసిన్‌కు 2020లో మన దేశంలో ఆమోదం వచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానిదే అయినా ఎంఆర్ఎస్ఏ మీద పనిచేస్తుంది, మాత్ర రూపంలోనూ దొరుకుతుంది.

బయటి రోగులకు మామూలుగా 5 నుంచి 10 రోజుల మందు సరిపోతుంది. రెండు మూడు రోజులకు కూడా మెరుగు కనిపించకపోతే మందు మార్చే ముందు చూడవలసింది లోపల ఇంకా చీము మిగిలి ఉందా అని.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల సంగతి

ఆరోగ్యవంతుల్లో సుమారు 30 శాతం మంది ముక్కులో స్టాఫ్ ఏ హానీ చేయకుండా బతుకుతూ ఉంటుంది. గడ్డలు పదేపదే లేచేవాళ్లలో అది ముక్కు నుంచి వేళ్లకు, వేళ్ల నుంచి గీకిన చోటికి చేరుతుంది. వాళ్లకు ముందుగా షుగర్ పరీక్ష చేయించాలి. చంకల్లోనూ గజ్జల్లోనూ మాత్రమే ఏళ్ల తరబడి వస్తుంటే అది అసలు ఇన్ఫెక్షన్ కాకుండా హైడ్రడెనైటిస్ అనే చర్మవ్యాధి కావచ్చు, దానికి చికిత్స వేరు. స్టాఫే అని తేలితే ముపిరోసిన్ లేపనాన్ని ముక్కులో రోజుకు రెండుసార్లు ఐదు రోజులపాటు రాయడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రవంతో స్నానం, తువ్వాళ్లు, రేజర్లు ఎవరివి వారికి విడిగా ఉంచడం, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం అన్నీ కలిపి చేస్తారు. ఇంట్లో మరొకరికి గడ్డలుంటే ఇద్దరికీ ఒకేసారి చేయాలి. ముపిరోసిన్‌ను ప్రతి గీతకూ పుండుకూ నెలల తరబడి రాస్తే స్టాఫ్ దానికి కూడా లొంగడం మానేస్తుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఒకే ట్యూబులో అమ్మే లేపనాలు ఇంకా హానికరం. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచి తగ్గినట్లు భ్రమ కలిగిస్తుంది, అడుగున ఇన్ఫెక్షన్ విస్తరిస్తుంది. చీటీ లేకుండా షాపులో అటువంటి ట్యూబు చేతికిస్తే తీసుకోకుండా చర్మవైద్యుడి దగ్గరకు వెళ్లడం మంచిది. ఇప్పటికే రాస్తూ ఉంటే ఆ సంగతీ ట్యూబు పేరూ ఆయనకు చెప్పాలి, ఎందుకంటే లేపనం వల్ల రూపు మారిన మచ్చను చూసి అసలు జబ్బును పోల్చుకోవడం అనుభవజ్ఞులకు కూడా కష్టమవుతుంది.